షావుకారు చెవి, నా డీజిల్ ఇంజిన్

నేను ఆరో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక, రెండోసారి అర్థం కానిదేమిటో అర్థం కాక. మూడో ఏడు కూడా అదే బెంచీ మీద నన్ను చూసిన మేస్టారు మా నాన్నని పిలిపించి, "వీడి చేతులు బాగానే ఉన్నాయండీ, ఇబ్బందల్లా మెడ పైనున్న దాంతోనే. చేతుల్తో చేసే పనేదన్నా చూడండి" అన్నారు. అలా నేను మెకానిక్కునయ్యాను. మేస్టారి రోగనిర్ధారణ ఎంత సరైందో మీరే చూద్దురుగాని.

ఇప్పటి షెడ్లలో కుర్రాళ్లు కారుకి వైరు తగిలించి, దాని జబ్బేమిటో తెర మీద చదువుతున్నారు. చదువుకున్న పిల్లలు, చదవనివ్వండి. మా రోజుల్లో జబ్బుని వినేవాళ్లం. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏది కొట్టుకుంటోందో, ఏది ఏడుస్తోందో తెలిసిపోయేది. నాకు మంచి చెవి ఉందని పేరు. నాకంటే మంచి చెవి ఉన్నాయన గుంటూరులో ఒక్కరే ఉండేవారు. ఆయన చెవిని నేనే చెడగొట్టాను. అదీ సంగతి.

ఆయన మిరపకాయల షావుకారు. ఆయన గోడౌను ముందున్న ఖాళీలో నా రేకుల షెడ్డు. స్థలం ఆయనది, రేకులు నావి. అద్దె లేదు, ఆయన కారు బాగోగులు నేను చూడాలి, అంతే. ఆ షెడ్డు లేకపోతే నేను మళ్లీ ఏ లారీ కిందో పడుకుని ఇంకొకడి పానాలు అందించుకుంటూ బతకాల్సిందే.

ఆయన చెవి సంగతి చెప్పాలి. కాయ ఎండిందా లేదా అని ఒకడు అరచేతిలో నలిపి చూస్తాడు, ఒకడు విరిచి చూస్తాడు. మా షావుకారు గుప్పెడు కాయ తీసి, కుడిచెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆడించేవారు. బాగా ఎండిన కాయలో గింజలు విడిపోయి గలగలమంటాయి. తడి ఉంటే గింజ తొక్కకి అతుక్కుని నోరు మెదపదు. ఆయన కళ్లు తెరిచి ఊఁ అన్నారంటే ఆ సరుకుని మద్రాసు పార్టీ బస్తా విప్పి కూడా చూసేది కాదు. ఆయన్ని చూసి మిర్చి యార్డులో మిగతా వ్యాపారులూ కాయ చెవి దగ్గర ఊపి, ఆయన తల ఎటు వంచితే అటు వంచేవాళ్లు.

ఎనభైల మొదట్లో పెట్రోలు రేటు చూసి కార్లున్నవాళ్లందరికీ నిద్ర పట్టడం మానేసింది. షావుకారు గారిది తెల్ల అంబాసిడర్, పెట్రోలుది. కాయ సీజన్లో ప్రత్తిపాడు వైపు పల్లెలూ, సత్తెనపల్లి వైపు పల్లెలూ కళ్లాలన్నీ తిరగాలి కాబట్టి, దానికి తాగించలేక ఆయన సగమైపోతున్నారు.

అప్పుడు మా షెడ్డులో స్కూటరు పెట్టుకునే మిషన్ స్కూలు ఇంగ్లీషు మేస్టారు ఒకాయన ఉండేవారు. పొద్దున్నే ఇంగ్లీషు పేపరు చదివి, తోచింది మాకు చెప్పకుండా బడికి వెళ్లేవారు కాదు. ఒకరోజు అమెరికా సంగతి చెప్పారు. అక్కడ పెట్రోలు కోసం జనం బంకుల ముందు బారులు తీరారట, ఆ దెబ్బతో డీజిల్ కార్లు అంగళ్లలోకి తెగ వచ్చేస్తున్నాయట, లారీలకే అనుకున్న ఇంజిన్ని ఇప్పుడు దొరలు సూటేసుకుని నడుపుతున్నారట. మేస్టారికి అది వార్త. నాకు పెట్టుబడి.

ఆ సాయంత్రమే షావుకారు గారి దగ్గర వినయంగా నిలబడి, పెట్రోలు ఇంజిన్ పీకేసి డీజిల్‌ది బిగిద్దామన్నాను. ఆయన నమ్మలేదు. కారుకి డీజిల్ ఏమిట్రా, చేలో మోటారుకి పోసినట్టు, అన్నారు.

"అమెరికావాళ్లే మారిపోతున్నారండి, షావుకారు గారూ. మనం ఆలస్యం చేశామంటే బాగోదు" అన్నాను.

అమెరికాని అప్పటికి నేను మ్యాపులో కూడా చూసినవాణ్ణి కాదు. అది ఏడో తరగతిలో చూపిస్తారట. కానీ ఆ మాటకి ఆయన మెత్తబడ్డారు. మద్రాసు పార్టీ దగ్గర ఈ ముక్క వాడుకోవచ్చని ఆయన మొహంలోనే కనపడింది.

బెజవాడ పాతసామాన్లలో, బోల్తాపడిన వ్యానుది ఒక డీజిల్ ఇంజిన్ దొరికింది. దాన్ని తెచ్చి అంబాసిడర్ నోట్లో కుక్కడం ఎలాగో రాస్తే మీకు నిద్రొస్తుంది, రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇంజిన్ కింద మెత్తటి రబ్బరు దిమ్మలుండాలి, దాని అదురు కారుకి ఎక్కకుండా. సరైనవి దొరకలేదు. పాత లారీ టైరు ముక్కలు కోసి దిమ్మలుగా పెట్టాను. లారీని మోసిన రబ్బరు ఈ పిల్ల ఇంజిన్ని మొయ్యదా అని నా తర్కం. మోసింది. దాని అదురుని కూడా భద్రంగా మోసుకెళ్లి కారుకి అప్పజెప్పింది.

చప్పుడు పరీక్షించడానికి షావుకారు గారి డ్రైవర్ని కూర్చోబెట్టాను. సాయిబుగారు మంచి మనిషి, నమాజు తప్పడు, మాట తప్పడు. ఈ ఉద్యోగానికి రాకముందు పిడుగురాళ్ల నుంచి సున్నపురాయి లారీలు తోలాడు. బండి స్టార్ట్ చేసి, కిటికీలోంచి తలపెట్టి, చప్పుడేమన్నా ఉందా సాయిబుగారూ అని అరిచాను. ఆయన నా మొహంలోకి చూసి, "ఏం చప్పుడు?" అన్నాడు.

పరీక్ష పాసయిందనుకున్నాను. ఆయనకి సున్నపురాయి లారీల్లోనే చెవులు సగం పోయాయన్న సంగతి గోడౌను మొత్తానికి తెలుసు. నాకూ తెలుసు. తెలిసినవన్నీ సమయానికి గుర్తొస్తే నేను ఆరో తరగతి గట్టెక్కనూ?

మొదటిరోజు షావుకారు గారే తోలతానని కూర్చున్నారు. గోడౌను చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చి, దర్జాగా తాళం తిప్పి, తీసి, జేబులో వేసుకుని దిగారు. బండి ఆగలేదు. తాళం ఆయన జేబులో ఉంది, ఇంజిన్ దాని పాటికి అది తకతకలాడుతోంది. ఆయన వెనక్కి తిరిగి చూసి నాలుగడుగులు దూరం జరిగారు. డీజిల్‌కి తాళంతో పని లేదండీ, ఇదిగో ఈ గుబ్బ లాగితేనే ఆగుద్దని నేను చూపించేదాకా హమాలీలు పని మానేసి, దెయ్యం పట్టిన కారుని చుట్టూ నిలబడి చూశారు.

ఏమైతేనేం, ఖర్చు సగానికి సగం తగ్గింది. షావుకారు గారు రోజుకి ఇంకో రెండు పల్లెలు ఎక్కువ తిరగడం మొదలుపెట్టారు. యార్డులో నా పేరు నలుగురూ తలిచారు. నేను కూడా నలుగురి ముందు నా పేరు తలుచుకున్నాను.

కాయ మద్రాసు వెళ్లింది. వెళ్లినంత భద్రంగా తిరిగొచ్చింది. బస్తాలు విప్పితే లోపలంతా బూజు. షావుకారు గారి వ్యాపారంలో సరుకు తిరిగి రావడం అదే మొదటిసారి. రెండో లాటూ వచ్చింది. ఈసారి మద్రాసు నుంచి కబురు కూడా వచ్చింది, మీ చెవికేమైందండీ అని. ఆ మాటకి ఆయన రెండు పూటలు అన్నం తినలేదు.

గోడౌను గుమాస్తాకి నేనంటే మొదట్నించీ పడదు. ఆయన ఒక సిద్ధాంతం లేవదీశాడు. పాత కారైతే పిల్లిలా వెళ్లేది, రైతులకి షావుకారు ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. ఈ డీజిల్ కారు కోసు దూరం నుంచే ధన్‌ధన్‌మంటూ దండోరా వేసుకుంటూ వెళుతోంది. చప్పుడు వినేదాకా బరువు కోసం కాయకి నీళ్లు కొట్టుకోవడం, వినగానే పైన ఎండుకాయ పరిచేయడం, అదీ జరుగుతోంది అన్నాడు. వినడానికి ఎంత బాగుందంటే నాక్కూడా నిజమే అనిపించింది.

షావుకారు గారు నన్ను పిలిపించారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఒరేయ్, నీ ఇంజిన్ నా చేత టముకు వేయిస్తోంది. మూడో లాటు గనక తిరిగొచ్చిందా, నీ రేకులు నువ్వే విప్పుకుపో. నేను విప్పించాననే పేరు నాకొద్దు."

నా షెడ్డు ఒక మిరపకాయ గింజకి వేలాడుతోందని అర్థమైంది. మెడ పైన ఇబ్బంది ఉన్నవాడికి గండం వస్తే ఐడియాలు కూడా వస్తాయి. చప్పుడే దండోరా అయితే, ఆ చప్పుణ్ణే ఎరగా వేద్దామన్నాను. సాయిబుగారు ఖాళీ కారుని ఊరికి అవతలివైపు కాలవ కట్ట మీద అటూ ఇటూ తిప్పుతాడు. షావుకారు అటెటో పోతున్నాడని రైతులు ధీమాగా నీళ్లు కొడుతుంటారు. మనం ఇవతలి దారిన, ప్రత్తి దింపి తిరిగొచ్చే ఎద్దుబండిలో చప్పుడు లేకుండా వెళ్లి, చెంబుతో సహా పట్టుకుంటాం.

ఆయనకి నచ్చింది. గుమాస్తాకి కూడా నచ్చింది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

ప్రత్తిపాడు దాటాక ఒక పల్లె. మూడో లాటు అక్కడిదే, బస్తాలకెత్తడమే తరువాయి. కోడి కూయకముందే ప్రత్తిబండి ఎక్కాం. మల్లెపువ్వులాంటి పంచెతో ఎక్కిన షావుకారు గారు రెగడి గతుకుల్లో బండి తొట్లో దొర్లి, దిగేసరికి ఒళ్లంతా దూది అంటుకుని దుప్పట్లోంచి లేచొచ్చిన గొర్రెపిల్లలా ఉన్నారు. నవ్వు ఆపుకోవడానికి నేను దగ్గాను. ఆయన నన్ను చూశారు. నేను మళ్లీ దగ్గాను.

కాలవ కట్ట వైపు నుంచి మా కారు చప్పుడు వినపడుతూనే ఉంది. కళ్లం గట్టు చాటున నక్కి చూశాం. కళ్లమంతా ఎర్రగా పరిచి ఉంది. కూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. మధ్యలో ఒక పెద్దామె, ఆ కౌలు చేను ఆమెదే, చెంబులోంచి గుప్పిట్లోకి నీళ్లు తీసుకుని, ఒక మూలనున్న చిన్న కుప్ప మీద చిలకరిస్తోంది. చర్చిలో ఆమె పాట అందుకుంటే మైకు ఆపేసేవారట, అంత గొంతు. షావుకారు గారు నా చెయ్యి పట్టి నొక్కారు. నా షెడ్డుకి మళ్లీ ప్రాణం పోసినట్టయింది.

ఆయన ఒక్క ఉదుటున గట్టు దాటి, దొరికారన్నట్టు చెయ్యెత్తి నిలబడ్డారు.

ఎవరూ కంగారు పడలేదు. పెద్దామె ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, చేతిలో చెంబు కింద పెట్టకుండానే అడిగింది.

"ఏంది షావుకారు గారూ, కారు అటు పోతుంటే తమరు ఇటొచ్చారు? ఆ దూదేంది ఒంటినిండా?"

ఆయన దూది మాట పట్టించుకోకుండా నీళ్ల మాట ఎత్తారు. ఆమె వెనక్కి తగ్గలేదు. బోరా బస్తాల్లో పోసి తొక్కేటప్పుడు ఎండుకాయ విరిగి గింజంతా రాలిపోకుండా ఈ మాత్రం చిలకరించడం ఎప్పుడూ ఉన్నదేననీ, ఆయన తండ్రిగారి ముందు కూడా ఇలాగే చిలకరించాననీ, కావాలంటే చెంబులో మిగిలిన నీళ్లు చూసుకోమనీ చెప్పింది. అది నిజమే, అందరికీ తెలిసిందే. షావుకారు గారు పెద్ద కుప్ప దగ్గరికి వెళ్లి, నీళ్లు తగలని చోట అడుగు నుంచి గుప్పెడు కాయ తీశారు. కళ్లు మూసుకున్నారు. చెవి దగ్గర ఆడించారు.

మళ్లీ ఆడించారు. ఇంకోచోట నుంచి తీసి ఆడించారు. కళ్లు తెరిచి మెల్లగా అన్నారు.

"ఇది ఎండలేదు."

"నేనూ అదేగా చెప్పా నిన్న" అంది పెద్దామె. "ఇంకో నాలుగెండలు పడాలి బాబూ అంటే, తమరు కారు దిగీదిగంగానే కాయ ఊపి, గలగలమంటన్నాయి, రేపే ఎత్తెయ్యమన్నారు. కొనేవాళ్లే ఎండిందంటుంటే, ఎండలేదని కొట్లాడ్డానికి నాకేం పిచ్చా?"

అప్పుడు కాలవ కట్ట మీద నా ఇంజిన్ ధన్‌ధన్‌మంటూ వినపడింది. అది వింటూ నేను షావుకారు గారి చెవి వంక చూశాను. మెకానిక్కి జబ్బు దొరికినప్పుడు సంతోషం కలగాలి. తనే జబ్బయితే కలగదు.

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మూసుకోలేదు. కట్ట దాకా పరిగెత్తి సాయిబుగారిని చెయ్యూపి పిలిచి, షావుకారు గారిని కార్లో ఎక్కించి, ఊరి చుట్టూ గతుకుల బాటలో బాగా తిప్పుకురమ్మన్నాను. ఎందుకని షావుకారు గారు అడగలేదు. ఆయనకీ అనుమానం వచ్చేసింది. ఇద్దరూ వెళ్లారు.

తిరిగొచ్చి కారు దిగిన మనిషి కొంచెం గట్టిగా మాట్లాడుతున్నారు. తను గట్టిగా మాట్లాడుతున్నట్టు ఆయనకి తెలియదు. కళ్లు మూసుకుని చెయ్యి చాపారు. నేను కుప్పలోంచి కాయ తీయబోతుంటే పెద్దామె నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది. పక్క చేలోకి వెళ్లి, చెట్టు మీదే ఉన్న పండుకాయలు రెండు, మంచు తడి కూడా ఆరనివి, తెంపుకొచ్చింది. ఆయన చేతిలో పెడదామంటే తడి తగిలి తెలిసిపోద్ది కదా, అందుకని తన వేళ్ల మధ్యే పట్టుకుని ఆయన చెవి దగ్గర ఆడించింది.

షావుకారు గారు తల ఒక పక్కకి వంచారు. యార్డు మొత్తం గౌరవించే ఆ వంపు.

"గలగలమంటున్నాయి. ఇవి బ్రహ్మాండంగా ఎండాయి. ఇవి ఏ కుప్పవి?"

కళ్లు తెరిచి చూశారు. నిగనిగలాడుతూ, తొడిమలు పచ్చగా, పండుకాయలు. కూలీలు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దామె అడ్డం పెట్టుకోలేదు, ఆ చర్చి గొంతుతోనే నవ్వింది. కారులో కూర్చున్న సాయిబుగారికి ఏం జరిగిందో వినపడలేదు గాని, అందరూ నవ్వుతున్నారని ఆయనా నవ్వాడు.

నా లారీటైరు దిమ్మలు ఇంజిన్ అదురుని కారు రేకుకి, రేకు సీటుకి, సీటు షావుకారు గారి వెన్నుకి, వెన్ను చెవికి అందిస్తూ వచ్చాయి. కారు దిగాక కూడా చాలాసేపు ఆయన చెవుల్లో గలగల ఆగేది కాదు. ఆయనకి లోకంలో ఉన్న మిరపకాయలన్నీ ఎండినట్టే వినపడేవి. పాపం రైతులు ఎప్పటంత నీళ్లు ఎప్పట్లాగే చిలకరించారు, అంతే.

షావుకారు గారు పండుకాయ వంక చూశారు. తర్వాత నా వంక.

"దొంగని పట్టుకుందామని నన్ను ప్రత్తిబండి ఎక్కించావు. దొంగ నా గోడౌను ముందే రేకుల కింద కాపురం పెట్టాడని చెప్పవేం రా?"

ఆ కాయ ఆ రోజు బస్తాలకెక్కలేదు. బస్తాలకెక్కలేదు కాబట్టి మద్రాసు వెళ్లలేదు. వెళ్లలేదు కాబట్టి తిరిగి రాలేదు. తిరిగి రాలేదు కాబట్టి నా రేకులు నేను విప్పుకోనక్కర్లేదు. ఆయన కారెక్కబోతుంటే ఈ లెక్కని నేను ఆయనకి ఒక వరసలో చెప్పాను. చదువులో నేను నెగ్గిన లెక్క అదొక్కటే. ఆయన ఒప్పుకున్నారు గాని, నన్ను కార్లో ఎక్కనివ్వలేదు. ప్రత్తిబండిలోనే రమ్మన్నారు.

మెత్తటి రబ్బరు దిమ్మలు వెతికి తెచ్చి వేశాను. అదురు చాలావరకు తగ్గింది. మిగిలినదానికి మన ప్రాంతం మందే వాడదామని, జిన్నింగు మిల్లు నుంచి మంచి దూది తెచ్చి ఆయన రెండు చెవుల్లో పెట్టించాను. అది ఇంకో ముచ్చట. ఒకరోజు ఆయన దూది తియ్యడం మర్చిపోయి కళ్లాల్లో దిగారు. ఏ కాయ ఊపినా చప్పుడు లేదు. ఎండి పెళపెళలాడే సరుకుని కూడా పచ్చిది, పచ్చిది అంటూ తోసేస్తుంటే, ఒక రైతు దగ్గరికొచ్చి ఆయన చెవిలోంచి దూది లాగి చేతికిచ్చాడట. ఆ తర్వాత ఆయన దూది మానేసి, ఊరికి ఫర్లాంగు ముందే కారు దిగి నడవడం మొదలుపెట్టారు. నడుస్తూ ఎవరి పాకలోనో మజ్జిగ తాగి, చెవులు కుదుటపడ్డాక కాయ ముట్టేవారు. మద్రాసు పార్టీ మళ్లీ బస్తాలు విప్పడం మానేసింది.

ఇక్కడే నా అదృష్టం తిరిగింది. షావుకారు గారు ఊరి బయట కారు దిగి నడవడం చూసిన మిగతా వ్యాపారులు, అందులో ఏదో వ్యాపార రహస్యం ఉందనుకున్నారు. నడక ఎవడైనా నడుస్తాడు కాబట్టి, రహస్యం కారులో ఉండాలని తేల్చుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు డీజిల్ ఇంజిన్ బిగించమని నా షెడ్డుకి వచ్చారు. బిగించాను. దిమ్మలు మంచివే వేశాను. కానీ ఊరి బయట దిగి నడవండి అని మాత్రం ఎవరికీ చెప్పలేదు. వ్యాపారులకి సలహాలిచ్చేంత చదువు నాకెక్కడిది?

నాలుగేళ్లు తిరిగేసరికి కంపెనీ డీజిల్ కార్లు మా ఊళ్లోకీ వచ్చేశాయి. మిర్చి యార్డు ముందు పొద్దున్నే నిలబడితే రైసుమిల్లు ముందు నిలబడినట్టుండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లీషు మేస్టారు పేపరు మడుస్తూ, అమెరికాలో డీజిల్ కార్ల మోజు తీరిపోయిందయ్యా, చప్పుడనీ పొగనీ జనం మళ్లీ పెట్రోలు వైపే పోతున్నారు అన్నారు. నేను ఆ వార్తని ఎక్కడా వాడుకోలేదు. అన్ని వార్తలూ పెట్టుబడికి పనికిరావు.

ఆ సీజన్లోనే ఒకరోజు యార్డు గేటు దగ్గర ఆ పెద్దామె కనపడింది. కాయ అమ్ముకుని, ఖాళీ సంచులు నెత్తిన పెట్టుకుని, మంచి హుషారుగా ఉంది. ఇంకా నాకు ఆ కళ్లం నవ్వు బాకీ ఉందనిపించి, నలుగురూ వినేట్టు ఆటపట్టించాను.

"ఏం పెద్దమ్మా, ఎండపెట్టి తెస్తున్నారా, ఇంకా చెంబులే నడుస్తున్నాయా?"

ఆమె ఆగింది. గేటు లోపల వరసగా నిలబెట్టిన కార్లన్నీ ఒకసారి చూసింది. వాటిలో సగానికి పైగా ఇంజిన్లు నేను బిగించినవే. నెత్తిమీద సంచులు సర్దుకుంటూ అంది.

"ఎండలో ఎండాలంటే మా కాయకి పదిహేను రోజులు పట్టుద్ది నాయనా. కొనేవోణ్ణి నీ కారెక్కించామంటే, వాడు దారిలో ఉండంగానే ఎండిపోద్ది."